నల్లరాయి, తెల్లమచ్చ

మా నాన్న గరివిడి దగ్గర మాంగనీసు గనిలో కాటా గుమస్తాగా చేసేవారు. కూలీలు గంపలతో తెచ్చి కుమ్మరించిన రాయిని తూయించి లెక్క పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కుంటే నల్లటి నీళ్లు పారేవి. పొయ్యి మసి నలుపు కాదది, ఎండ పడితే ఉక్కులా మెరిసే నలుపు. గోళ్ల సందుల్లోది ఆదివారం నాటికి కూడా వదిలేది కాదు. ఆయన పంచెలు అమ్మ వేరే బాల్చీలో నానబెట్టేది. మా ఇంట్లో దాన్ని ఎవరూ మాంగనీసు అనేవారు కాదు. నల్లరాయి అనేవారు.

నేను చదువుకుని రేడియాలజిస్టునయ్యాను. ఎక్స్‌రే ఫిల్ముల నుంచి ఎమ్మారై దాకా వేల తలకాయల లోపలి బొమ్మలు చూశాను. వాటిలో ఒకటి నన్ను మళ్లీ మా నాన్న చేతుల దగ్గరికి తీసుకుపోయింది. లివర్ పాడైన మనిషి మెదడు బొమ్మ అది. దానికో చరిత్ర ఉంది, చెప్పాలి. ఎందుకంటే ఆ జబ్బు వచ్చిన మనుషుల్ని మనం చూసే చూపు ఇప్పటికీ సరిగ్గా లేదు.

1999లో అనుకుంటాను, విశాఖలో ఎమ్మారై ఇంకా కొత్త. రాజాం వైపు నుంచి ఓ రైతుని తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి, పొట్టలో నీరు, కళ్లు కాస్త పచ్చన. భార్య చెప్పిన మాటలు గుర్తున్నాయి. "పగలంతా కునుకే డాక్టరమ్మా. రాత్రయితే కళ్లు తెరుసుకుని దూలాలు లెక్కెడతాడు. మొన్న ఎడ్ల కుడితిలో ఉప్పంతా పోసీసినాడు. అడిగితే నేను కాదంతాడు." అంతకు ముందు చూసిన ఒక ఆసుపత్రిలో కేసు షీటు మీద తాగుడు అని రాసేశారు. ఆవిడ ఆ కాగితం నా ముందు పెట్టి, "మందు ముట్టినోడు కాడమ్మా, ఒక్కరూ అడగనేదు" అంది. రక్త పరీక్ష కాగితాలు ఆమె మాటే చెప్తున్నాయి. అది హెపటైటిస్ బి వైరస్ చేసిన సిరోసిస్.

బొమ్మ తీశాం. ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టగానే మెదడు నడిమధ్య రెండు తెల్లని మచ్చలు కనిపించాయి. పలాస జీడిపప్పులు రెండు ఎదురెదురుగా పెట్టినట్టు, కుడీ ఎడమా ఒకే తీరుగా ఉన్నాయి. ఆ చోటు పేరు గ్లోబస్ పాలిడస్, అంటే లాటిన్‌లో పాలిపోయిన గోళం. మెదడుని కోసి చూస్తే చుట్టుపక్కల కంటే పాలిపోయి ఉంటుందని పాతవాళ్లు ఆ పేరు పెట్టారు. మన కదలికలను అదుపులో ఉంచే కేంద్రాల్లో అదొకటి. మామూలు మనిషికి టీ1 అనే రకం బొమ్మలో అది ఇలా వెలగదు.

సున్నం పేరుకుని ఉంటుందని రాశాను. అది తప్పు. మా పెద్దాయన ఒకరు సీటీ తీసి చూడమన్నారు. సున్నముంటే సీటీలో చంద్రుడిలా కనిపించాలి. అక్కడేమీ లేదు. ఎమ్మారైలో అంత వెలిగిన చోటు సీటీలో మామూలు మెదడులాగే ఉంది. మర్నాడు నా రిపోర్టు నేనే కొట్టేసి, వైద్య కళాశాల లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాను.

అక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళితే నాకు మొదట దొరికింది కుక్కల కథ. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ ఎక్ అనే సర్జన్ ఎనిమిది కుక్కలకు ఓ ఆపరేషన్ చేశాడు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే గొట్టంలో కాలేయానికి చేరుతుంది, అక్కడ వడకట్టుకున్నాకే గుండెకు పోతుంది. ఎక్ ఆ సిరను పక్కనున్న పెద్ద సిరకు కలిపేసి, రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోయేలా దొడ్డిదారి వేశాడు. ఏడు కుక్కలు వారం తిరగకుండా చచ్చిపోయాయి. ఎనిమిదోది రెండున్నర నెలలు బతికి, ప్రయోగశాల నుంచి పారిపోయింది.

పారిపోయిన ఆ కుక్కకు తర్వాత ఏమై ఉంటుందో పదహారేళ్లకు అదే నగరంలో తెలిసింది. 1893లో పావ్లోవ్, నెన్స్కీ, వాళ్ల సహచరులు అదే ఆపరేషన్ చేసిన కుక్కలను రోజూ కనిపెట్టి చూశారు. మాంసం పెడితే చాలు, ఆ కుక్కలు తూలేవి. కళ్లు కనబడనట్టు గోడలకు కొట్టుకునేవి. ఫిట్లు వచ్చేవి. కొన్ని మాంసాన్ని ముట్టడమే మానేశాయి. మాంసం అరిగితే పుట్టే అమ్మోనియాని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. కాలేయాన్ని తప్పించుకుపోయిన రక్తం అమ్మోనియాను వెంటబెట్టుకుని తిన్నగా తలకెక్కుతుంది. మాంసం కొట్లో కార్జం అని మనం తూకం వేయించుకునే ఆ ముక్క తలకు కాపలా కాస్తోందని ఆ కుక్కలే చూపించాయి.

మెదడు లోపలి మచ్చల సంగతి 1912లో మొదలైంది. లండన్‌లో కినియర్ విల్సన్ అనే యువ డాక్టరు, కాలేయం గట్టిపడి, చేతులు వణికి, మాట పోయి చనిపోయిన యువకుల మెదళ్లు కోసి చూశాడు. పాలిపోయిన గోళం ఉండే కేంద్రకమే పాడై ఉంది. ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు. దోషం రాగిదని తేలడానికి ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది. అదే ఏడు జర్మనీలో ఫాన్ హోస్లిన్, ఆలోయిస్ అల్జైమర్ అలాంటి మెదళ్లలో ఉబ్బిన కొత్తరకం కణాలను సూక్ష్మదర్శినిలో చూసి రాశారు. ఇవాళ అల్జైమర్ పేరు మతిమరుపు జబ్బుతోనే అందరికీ తెలుసు. లివర్ పాడైనవాళ్ల మెదడులో ఉబ్బే నక్షత్రాకారపు కణాలకు ఈనాటికీ ఆయన పేరే ఉంది. ఈ కణాలను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఆ తర్వాత చాలా కాలం డాక్టర్లకు మెదడు లోపల చూసే యంత్రం లేదు, మనిషి చేతులే ఉన్నాయి. బోస్టన్ సిటీ ఆసుపత్రిలో రేమండ్ ఆడమ్స్, జోసెఫ్ ఫోలీ 1949లో ఆ చేతుల గురించి చెప్పారు. రోగిని రెండు చేతులూ చాచి, మణికట్లు పైకి ఎత్తి పట్టుకోమంటే, క్షణమాత్రం పట్టు జారి మళ్లీ లేస్తాయి. కొంగ వాలబోతూ రెక్క దించి మళ్లీ ఎత్తినట్టుంటుంది. అది వణుకు కాదు, పట్టు తప్పడం. గ్రీకు తెలిసిన ఓ జెస్యూట్ ఫాదరుని అడిగి, నిలకడ లేకపోవడం అనే అర్థంలో ఆస్టెరిక్సిస్ అని పేరు పెట్టుకున్నారు. మెదడు విద్యుత్తు గీతల్లో మూడు మలుపుల అలలు వస్తాయని కూడా ఆ బృందమే గమనించింది. 1954లో లండన్ హామర్‌స్మిత్‌లో షీలా షెర్లాక్ బృందం ఇదంతా ఒక చోట చేర్చింది. పేగుల రక్తం కాలేయాన్ని దాటేసి పోవడమే మూలమని జబ్బు పేరులోనే చెప్పింది. ఆవిడ వార్డులో రోగుల చేత అగ్గిపుల్లలతో నక్షత్రం పేర్పించేవారు. మత్తు కమ్ముతున్న మనిషి ఆ అయిదు మూలలను కలపలేడు.

అంకెల చుక్కలను వరసగా గీతతో కలిపించే పరీక్ష కూడా 1970ల నుంచి ఈ జబ్బుకి వాడుకలోకొచ్చింది. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి గీసుకుపోవాలి, ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఆ కాగితం మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మ సంక్రాంతి ముగ్గు గుర్తొచ్చింది. దాని సంగతి చివర్న చెప్తాను.

ఇక యంత్రాలు. 1971 అక్టోబరులో లండన్‌లో మొదటి రోగి తలకి సీటీ తీశారు. బతికున్న మనిషి మెదడునే ఇంత స్పష్టంగా బొమ్మలో చూడగలగడం అదే మొదలు. అయితే లివర్ జబ్బుకి సీటీ పెద్దగా ఏమీ ఇవ్వలేదు. మెదడు కాస్త కుదించుకుపోయి కనిపించేది, అంతే. 1990ల మొదట్లో జపాన్ నుంచి, ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి ఒక్కసారే రాతలు వచ్చాయి. సిరోసిస్ రోగుల ఎమ్మారైలో పాలిడస్ తెల్లగా వెలుగుతోందని. బార్సిలోనా డాక్టర్లు ఇంకో సంగతి కూడా రాశారు. కాలేయం మళ్లీ సరిగా పనిచేయడం మొదలుపెట్టాక ఆ వెలుగు తగ్గిపోయింది.

కొట్టేసిన నా రిపోర్టు తర్వాత లైబ్రరీలో ఆ వాక్యం చదివి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. సున్నమైతే పోదు, చచ్చిన కణజాలమైతే తిరిగిరాదు. వచ్చి పోయేదేదో అక్కడ చేరుతోంది. అదేమిటి?

1995లో లాన్సెట్ పత్రికలో రెండు బృందాలు జవాబు రాశాయి. జర్మనీ వాళ్లు రోగుల రక్తంలో కొలిచారు. మాంట్రియల్ వాళ్లు సిరోసిస్‌తో చనిపోయినవాళ్ల మెదడులోంచి ఆ చోటు ముక్కే తీసి కొలిచారు. రెండింటిలోనూ పెరిగినది మాంగనీసు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న గోళ్ల సందుల్లోని నలుపు, నా ఫిల్ములోని తెలుపు ఒకటే వస్తువు.

ఎందుకు తెల్లగా కనిపిస్తుందంటే, ఎమ్మారై చూసేది నీటిలోని హైడ్రోజన్‌ని. అయస్కాంతంలో కదిలించిన ఆ హైడ్రోజన్ ఎంత త్వరగా తిరిగి సర్దుకుంటే టీ1 బొమ్మలో ఆ చోటు అంత తెల్లగా వస్తుంది. మాంగనీసు పరమాణువుకు జత లేని ఎలక్ట్రాన్లు అయిదున్నాయి, పక్కనున్న నీటిని అది తొందరపెడుతుంది. ఎమ్మారై పుట్టిన రోజుల్లోనే, 1978లో, పాల్ లౌటర్‌బర్ బృందం కుక్కల గుండెలో దెబ్బతిన్న భాగాన్ని వేరుగా చూడటానికి మాంగనీసు లవణాన్ని వాడి చూసింది. బొమ్మ స్పష్టంగా రావడానికి బయటినుంచి ఎక్కించాలనుకున్న లోహం ఈ రోగుల తలలో తనంతట తనే చేరి కూర్చుంది.

మాంగనీసు విషం సంగతి మాత్రం కొత్తది కాదు. 1837లో గ్లాస్గోలో జాన్ కూపర్ అనే డాక్టరు, బట్టలు తెల్లబరిచే పొడి చేసే కార్ఖానాలో నల్లటి మాంగనీసు ఆక్సైడును నూరే కూలీల గురించి రాశాడు. కాళ్లు చచ్చుబడి ముందుకు తూలి నడిచేవాళ్లు, గొంతు సన్నగిల్లేది, ముఖంలో కదలిక పోయేది, పెదాల నుంచి చొంగ కారేది. 1960లలో చిలీ గని పనివాళ్లలో ఇవే లక్షణాలను చూశారు. 1989లో కోతులకు మాంగనీసు పట్టించి ఎమ్మారై తీస్తే వాటి పాలిడస్ వెలిగింది. నోటితో తినలేక నెలల తరబడి నరం ద్వారానే ఆహారం ఎక్కించుకున్నవాళ్లలో కూడా 1991లో ఇదే వెలుగు కనిపించింది. ఆ ద్రవంలో కాస్త మాంగనీసు కలుపుతారు.

గని కూలీ, నరంలో ఆహారం ఎక్కే రోగి, సిరోసిస్ రైతు: ఈ ముగ్గురినీ కలిపేది ఏమిటో తెలుసుకోవడమే నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. మాంగనీసు మనందరి కంచంలోనూ ఉంటుంది. బియ్యంలో, పప్పుల్లో, ఆకుకూరల్లో, టీలో, మా వైపు పొద్దున్నే తాగే చోడంబలిలో. ఒంటికి కొంచెం కావాలి కూడా. తిన్నది పేగుల నుంచి కాలేయానికి వెళుతుంది, ఎక్కువైనదాన్ని కాలేయం పిత్తరసంలో కలిపి మళ్లీ పేగులోకి తోసేస్తుంది. అది పోవడానికి ముఖ్యమైన దారి అదొక్కటే. కూలీ ముక్కుతో పీల్చిన ధూళి ఊపిరితిత్తుల నుంచి కాలేయాన్ని తాకకుండానే రక్తంలో కలుస్తుంది. నరంలో ఎక్కించినదీ అంతే. సిరోసిస్‌లో కాలేయం గట్టిపడి రక్తం లోపలికి పోలేక, ఎక్ కుక్కలకు వేసినట్టే తనకు తానే దొడ్డిదారులు వేసుకుంటుంది, ఇటు పిత్తరసం దారి కూడా మూసుకుపోతుంది. ముగ్గురిలోనూ కాపలాదారు పక్కకి తప్పుకున్నాడు. అందుకని చోడంబలి మానేయమని నేనెవరికీ చెప్పను. తప్పు తిండిది కాదు, దారిది.

రాజాం రైతు మళ్లీ వచ్చినప్పుడు నేను, "మీరెప్పుడైనా గరివిడి గనుల్లో పని చేశారా?" అని అడిగాను. "నాను వరి రైతునమ్మా, ఆ నల్లరాయి ముట్టనేదు" అన్నాడు. ఆ రోజు ఆయన స్పృహ తేటగా ఉంది. 1966లో జూరిచ్‌లో బిర్చర్ మొదలుపెట్టిన లాక్టులోజ్ అనే తీపి మందు, పేగుల్ని కడిగి అమ్మోనియా తగ్గించేది, ఆయనకు పనిచేసింది. పాలిడస్ మాత్రం మునుపటిలాగే తెల్లగా ఉంది. మనిషి తేరుకున్నాడు, మచ్చ తేరుకోలేదు. నేను తర్వాత చాలామందిలో చూసింది, ఇతరులూ రాసింది ఇదే. ఆ వెలుగు ఎంత ఉంటే మతి అంత తప్పిందని లెక్క కాదు. అది రక్తం ఎంతకాలంగా, ఎంతగా దొడ్డిదారి పట్టిందో చెప్పే గుర్తు. అందుకే నా రిపోర్టుల్లో ఆ మచ్చను గురించి రాసేటప్పుడు మనిషి మెదడు చెడిపోయిందని ఎవరూ అర్థం చేసుకోకుండా మాటలు ఎంచుకుని రాశాను. ఇంట్లోవాళ్లు చదువుకునే కాగితం అది.

మతి తడబాటుకు దగ్గరగా ఉండే బొమ్మ వేరే ఉంది. దాన్ని స్పెక్ట్రోస్కోపీ అంటారు. ఫోటోలా ఉండదు, వరసగా లేచి పడే కొండల గీతలా ఉంటుంది, ఒక్కో కొండ ఒక్కో రసాయనం. 1990లో రోలండ్ క్రైస్, బ్రయన్ రాస్ బృందం ఈ రోగుల మెదడులో గ్లుటమైన్ కొండ పెరిగిందని, మయో ఇనోసిటాల్, కోలిన్ కొండలు తగ్గాయని రాసింది. ఇక్కడే అల్జైమర్ చూసిన నక్షత్రపు కణాలు మళ్లీ వస్తాయి. తలలోకి వచ్చిన అమ్మోనియాని పట్టి గ్లుటమైన్‌గా మార్చేవి అవే. గ్లుటమైన్ పోగయ్యేకొద్దీ అవి నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బు తగ్గించుకోవడానికి తమ దగ్గరున్న మయో ఇనోసిటాల్‌ను బయటికి వదిలేస్తాయి. జర్మనీలో డీటర్ హాసింగర్ 1994 నుంచి ఈ వాదనను కట్టుకుంటూ వచ్చారు. 1912లో చచ్చిన మెదడు పలకలో కనిపించిన ఉబ్బుకి, ఎనభై ఏళ్లకు బతికున్న మనిషిలో కారణం దొరికింది.

మన దేశానికి ఇందులో ఒక ప్రత్యేకమైన పాత్ర ఉంది. చిన్నపిల్లల్లో పోర్టల్ సిర మూసుకుపోయే జబ్బు మన దగ్గర ఎక్కువ. వాళ్ల కాలేయం దాదాపు బాగానే ఉంటుంది, రక్తం మాత్రం పక్క దారుల్లో పోతుంది. లక్నో సంజయ్ గాంధీ సంస్థ వాళ్లు 2010లో అలాంటి పిల్లల మెదళ్లను ఎమ్మారైతో చూశారు. కాలేయం చెడకపోయినా కొందరిలో గ్లుటమైన్ పెరిగింది. ఎక్ కుక్కలు చెప్పిందే ఆ పిల్లల తలలూ చెప్పాయి. పదేళ్ల పిల్ల తాగిందా? "లివర్ పోయి పిచ్చెక్కింది, తాగుబోతు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పిల్లలు, రాజాం రైతు భార్య గుర్తొస్తారు. తాగి తెచ్చుకున్నవాడి మెదడులో కూడా ఇదే అమ్మోనియా, ఇదే మాంగనీసు. వాడి మీద మాత్రం అసహ్యం ఎందుకు?

మా ప్రాంతం గురించి ఒక్క మాట. 1890లలో ఇప్పటి విజయనగరం జిల్లాలో మాంగనీసు తవ్వకం మొదలైంది, దేశంలో అదే తొలి తవ్వకం. లూయిస్ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1909లో వెయ్యి పుటలు దాటిన గ్రంథంలో భారతదేశపు మాంగనీసునంతా నమోదు చేశాడు, మా పక్కనున్న కోడూరు పేరు మీద ఒక శిలకి కోడురైట్ అని పేరు పెట్టాడు.  నాన్న ఎనభై దాటి బతికారు. చివరిదాకా చేతులు వణకలేదు. నా ఫిల్ములు చూపించి, ఇందులో ఉన్నది మీ రాయే అంటే, నమ్మకంగా తల ఊపి, "ఎంత తూకముంటుంది?" అని అడిగారు. గ్రాములో పదిలక్షో వంతుల లెక్క అని చెప్పలేకపోయాను. కాటా గుమస్తాకి అదేం తూకం?

ముగ్గు సంగతి చెప్తానన్నాను. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం నుంచి ఒకావిడ వచ్చారు. షుగరు, లివర్‌కి కొవ్వు పట్టి సిరోసిస్. మందు వాసన ఎరగని ఇల్లు. ఆవిడ కూతురు చెప్పింది: "ధనుర్మాసంలో అమ్మ ముగ్గు చూసి అనుమానమొచ్చింది మేడమ్. పదిహేను చుక్కల మెలికల ముగ్గు కళ్లు మూసుకుని వేసేది. ఈసారి చుక్కలు వదిలేసింది. చెరిపి మళ్లీ వేసింది, మళ్లీ అదే చోట వదిలేసింది." ఏ పరీక్ష కాగితమూ పట్టనంత ముందుగా ఆ వాకిలి పట్టేసింది. ఎమ్మారైలో రెండు జీడిపప్పులూ తెల్లగా వెలుగుతున్నాయి. గ్లుటమైన్ కొండ ఎత్తుగా ఉంది.

వేసవిలో హైదరాబాదులో కొడుకు తన కాలేయంలో సగానికి పైగా తల్లికి ఇచ్చాడు. డిసెంబరులో మళ్లీ బొమ్మ తీశాం. కొండల గీత మామూలు మనిషిదిలా ఉంది. పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూశాను. పాలిడస్‌లో మచ్చ పలచబడింది కానీ పోలేదు, పొద్దున్న నెలవంకలా ఇంకా కొంచెం తెలుస్తూనే ఉంది. సంక్రాంతి ముందు కూతురు ఫోటో పంపింది. వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు, నడుమ గొబ్బెమ్మ. చూపుడు వేలు పెట్టి మొదటి చుక్క నుంచి గీతను పట్టుకుని వెళ్లాను. ఎక్కడా తెగలేదు.